డిస్టర్బ్, డిస్రప్ట్, ఇంటరప్ట్: చైనా పిల్లలకి ఈ తేడా ఎలా ఎక్కించాలి?

సెంగ్‌కాంగ్_శారద
సింగపూర్‌లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్తుంటాను. ఇప్పుడున్న బ్యాచ్ అంతా చైనా నుంచి వచ్చినవాళ్ళే. ఇక్కడి గవర్నమెంటు బళ్ళలో సీటు కోసం ఏఈఐఎస్ పరీక్షకి తయారయ్యే పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన తల్లులు. స్పెల్లింగులు గడగడా అప్పజెప్పేస్తారు, గ్రామరూ పర్లేదు. కుదురుగా ఉన్నదాన్ని చెడగొట్టే క్రియలు వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే తంటా. ఈమధ్య వ్యాసాల్లో వచ్చినవి చూడండి:

“ది విండ్ ఇంటరప్టెడ్ మై రూమ్.” (కిటికీ తెరిచి ఉండి కాగితాలన్నీ ఎగిరిపోయాయట)
“మై బ్రదర్ డిస్రప్టెడ్ మీ వెన్ ఐ వాజ్ స్లీపింగ్.”
“హీ డిస్టర్బ్‌డ్ ది ఆర్డర్ ఆఫ్ మై బుక్స్.”
“మై కజిన్ డిస్ట్రాయ్డ్ అవర్ ప్లాన్.”
“టుడే మై మైండ్ ఈజ్ వెరీ కేయాస్.”

మూడోదాన్ని తప్పని కొట్టేయలేను, ఒప్పని టిక్కూ పెట్టలేను. వాళ్ళు బట్టీ పట్టే వర్డ్ లిస్టులో మూడు మాటలకీ ఇంచుమించు అవే చైనీస్ అర్థాలు అటూఇటూ మార్చి రాసి ఉంటాయి. నిర్వచనాలు చెప్తే బుద్ధిగా తలూపుతారు, రాయమంటే మళ్ళీ మామూలే. చైనీస్ తెలిసినవాళ్ళు గానీ ఇలాంటి పిల్లలకి చెప్పినవాళ్ళు గానీ ఉంటే కాస్త దారి చూపండి.

గోంగూర_గురూ
మనకా బాధే లేదు. పక్కింటి టీవీ డిస్టర్బ్, అమ్మాయి కాదంటే డిస్టర్బ్, పొద్దున్నే మామగారొస్తే డిస్టర్బ్. ఒక్క మాటతో సంసారం ఈదేస్తున్నాం.

ఓరుగల్లు_పిల్ల
మా బళ్లెనైతే డిస్టర్బ్ గూడ కాదు. “టీచర్, వీడు డిస్టప్ చేస్తుండు.” డిస్టర్బు, డిస్రప్టు రెండింటినీ కలిపేసి పుణ్యం కట్టుకున్నరు మా పోరగాళ్లు.

పాతపుస్తకం
శారద గారూ, మాటని విడగొట్టి చూపించండి. రప్ట్ అంటే లాటిన్‌లో విరవడం. ఇంటర్ అంటే నడుమ, కాబట్టి ఇంటరప్ట్ అంటే నడుమ విరవడం. డిస్ అంటే విడివిడిగా, కాబట్టి డిస్రప్ట్ అంటే ఏ ముక్కకాముక్క అయ్యేలా విరవడం. ఎరప్ట్, కరప్ట్, బ్యాంక్‌రప్ట్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. డిస్టర్బ్ మాత్రం వేరే ఇంటిది. దాని మూలం టర్బా, అంటే గుంపు, గలాభా. విమానం ఊగితే టర్బ్యులెన్స్ అంటాం, నీళ్ళు కలకబారితే టర్బిడ్ అంటాం, అదే వంశం. అంటే డిస్టర్బ్‌లో విరగడం లేదు, కదలడం, కలగడం ఉంది. నిశ్చలంగా ఉన్నదాన్నే డిస్టర్బ్ చేస్తాం. జరుగుతున్నదాన్ని ఇంటరప్ట్ చేస్తాం. ఒక ఏర్పాటు ప్రకారం నడిచేదాన్ని డిస్రప్ట్ చేస్తాం.

సెంగ్‌కాంగ్_శారద
మాస్టారూ, చివరి మూడు వాక్యాలు రాసిపెట్టుకున్నాను. కానీ ఇంగ్లీషే కూడబలుక్కుంటున్న పిల్లాడికి లాటిన్ కూడా పెడితే వాళ్ళమ్మ ఫీజు వెనక్కి అడుగుతుంది.

పాతపుస్తకం
అలా అనుకోకండి. మాటలో ముక్కలు వెతకడం ఆ పిల్లలకి మనకంటే బాగా అలవాటు. ఒక అక్షరంలో మూడు చుక్కల నీటి గుర్తు కనిపిస్తే అది నదో, సముద్రమో, ఏదో నీటి సంగతని పసితనం నుంచే పట్టేస్తారు. రప్ట్ అనే గుర్తు చూపించి విరిగింది అని చెప్పండి, చాలు. లాటిన్ అనే పేరే ఎత్తక్కర్లేదు.

నెట్‌వర్క్_నాయుడు
ఇంటరప్ట్‌కి మా కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నంత శుద్ధమైన ఉదాహరణ ఎక్కడా దొరకదు. ప్రాసెసర్ ఏదో పని చేసుకుంటూ ఉంటుంది, మీరు కీబోర్డు మీద ఒక మీట నొక్కుతారు. అది చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుని, మీ మీట సంగతి చూసి, మళ్ళీ సరిగ్గా అక్కడికే వచ్చి పని అందుకుంటుంది. దాన్నే ఇంటరప్ట్ అంటాం. పని చెడలేదు, మధ్యలో కోత పడింది, అంతే. చైనీస్‌లో దీన్ని చోంగ్-త్వాన్ అంటారు, నడుమ తెగడం అని. అంటే మాస్టారు చెప్పిన లాటినూ అదే, చైనీసూ అదే.

మంగళగిరి_మందులాయన
నేను చైనాలోని హుబేయ్‌లో ఎంబీబీఎస్ చదివాను. క్లాసులు ఇంగ్లీషులో, వార్డులో పేషెంట్లతో మాత్రం చైనీస్ మాట్లాడక తప్పదు. శారద గారి పిల్లల తప్పులు చూస్తే వాళ్ళ బుర్రలో ఏం నడుస్తోందో తెలిసిపోతోంది.

చైనీస్‌లో తా అంటే కొట్టడం. తా-త్వాన్ అంటే కొట్టి తెంపడం, మాటకి అడ్డు రావడానికి అదే వాడతారు. తా-ల్వాన్ అంటే కొట్టి గజిబిజి చేయడం, ప్లాన్లు తలకిందులు చేయడానికి వాడతారు. తా-రావ్ అంటే మనిషిని ఇబ్బంది పెట్టడం. నిజంగా ఎవరూ ఎవర్నీ కొట్టరు. వింతగా ఉందనిపిస్తే మన తెలుగు చూడండి: చెడగొట్టు, విడగొట్టు, పోగొట్టు, చెదరగొట్టు. మన కొట్టు చేసే చాకిరీయే వాళ్ళ తా చేస్తుంది. ఇంకా నవ్వొచ్చేది ఏంటంటే ఫోన్ చేయడం తా-త్యెన్-హ్వా, మనం ఫోన్ కొట్టడం అంటాం. సైకిల్‌కి గాలి కొట్టడం తా-ఛీ. టైపు కొట్టడం తా-త్స్. డోలు కొట్టడం తా-కూ. తేడా వరసలోనే ఉంది. మనం ముందు ఏమైందో చెప్పి కొట్టు వెనక తగిలిస్తాం, వాళ్ళు ముందు కొట్టేసి తర్వాత ఏమైందో చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ల్వాన్ అంటే గజిబిజి. చేత్తో కెలికితే నోంగ్-ల్వాన్, అల్లరి చేస్తే తావ్-ల్వాన్, ప్రజాశాంతికి భంగం కలిగిస్తే రావ్-ల్వాన్. అన్నిటికీ తోక ఒకటే. పిల్లాడి చూపు ఆ తోక మీద ఉంటుంది, అంటే చివరికి ఎలా తయారైంది అన్నదాని మీద. ఇంగ్లీషు వాడు ఏది చెడింది అన్నదాన్ని బట్టి క్రియ ఎంచుకుంటాడు. గదికి ఒకటి, నిద్రకి ఒకటి, రైళ్ళకి ఒకటి, కడుపుకి ఒకటి. అందుకే గాలి గదిని ఇంటరప్ట్ చేసింది. వాడి లెక్కలో గది ల్వాన్ అయింది, వాడికి దొరికిన ల్వాన్ మాటల్లో ఒకటి తీసి పెట్టాడు.

గోంగూర_గురూ
డాక్టరు గారూ, పిన్‌యిన్‌లో, అదే చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, అది డీఏ కదా, దా అనాలి. మీరు తా అంటున్నారు.

మంగళగిరి_మందులాయన
రాసేది డీతో, పలికేది మన త, ట లకి దగ్గరగా. పిన్‌యిన్‌లో టీ కనిపిస్తే అది మన థ. ఒత్తు ఉందా లేదా అన్నదే వాళ్ళకి ముఖ్యం. ఒత్తులు దిద్దించుకుని పెరిగిన తెలుగువాడికి ఇక్కడ కాస్త లాభం.

గోంగూర_గురూ
నేను ఒత్తులన్నీ ఎగ్గొట్టి పాసైన బ్యాచ్.

నెట్‌వర్క్_నాయుడు
ఎగ్గొట్టడం కూడా కొట్టడమే, డాక్టరు గారి లిస్టులో కలపండి.

షాంఘై_సుబ్బు
డాక్టరు గారి తోక సిద్ధాంతం వినడానికి బాగుంది గానీ నేను సగమే ఒప్పుకుంటాను. చైనీస్ వాడు కూడా ఏది పడితే అది వాడడు. ప్లాన్‌కి, వరసకి తా-ల్వాన్. మార్కెట్టుకి, ప్రజాశాంతికి రావ్-ల్వాన్. మాట్లాడేవాడికి తా-త్వాన్. రేడియో సిగ్నల్‌కి, ఇంకొకరి పనిలో వేలు పెట్టడానికి కాన్-రావ్. ఇవి అటూఇటూ మారిస్తే వాళ్ళకీ చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. కాబట్టి లోపం భాషది కాదు, వర్డ్ లిస్టుది. జతతో నేర్చుకున్న మాటని జత తీసేసి ఒంటరిగా ఇంగ్లీషు మాట పక్కన పెట్టారు. శారద గారూ, లిస్టు పారేసి జతలు ఇవ్వండి. “తా-ల్వాన్ చీ-హ్వా” అని మొత్తం చెప్పి “అప్‌సెట్ ది ప్లాన్” అని మొత్తం రాయించండి.

మంగళగిరి_మందులాయన
జతలు వాళ్ళ భాషలో వాళ్ళకి తెలుసు, నిజమే. ఇంగ్లీషుకి వచ్చేసరికి ఆ జత ఎందుకు గుర్తుకు రాదంటారు మరి? గుర్తుకొచ్చేది తోకే కాబట్టి. నేను నా మాట మీదే ఉన్నాను.

షాంఘై_సుబ్బు
సరే, ఉండండి. తల్లుల సంగతికొస్తే, ఫోన్ ఎత్తగానే “సారీ టు డిస్టర్బ్ యూ” అంటారు కదా?

సెంగ్‌కాంగ్_శారద
ప్రతిసారీ! బస్టాపులో అడ్రసు అడగడానికి కూడా అదే.

షాంఘై_సుబ్బు
తా-రావ్-ఈ-శ్యా అని వాళ్ళ మర్యాద మాట. మనం “కాస్త చూడండి” అన్నట్టు. రోడ్డు మీద ఎక్స్‌క్యూజ్ మీ, నిద్రపోయేవాడి తలుపు కొడితే సారీ టు డిస్టర్బ్, మాట్లాడుకునేవాళ్ళ మధ్యకి వెళ్తే సారీ టు ఇంటరప్ట్. ఈ మూడు చోట్లూ నటించి చూపిస్తే ఒక్క పూటలో పట్టేస్తారు. మధ్యలో నోరు పెట్టడానికి వాళ్ళకి ఛా-త్స్వెయ్ అని ఇంకో మాట ఉంది, అచ్చంగా నోరు దూర్చడమే. దానికి ఇంగ్లీషులో బట్ ఇన్. వరసలో దూరితే ఛా-త్వెయ్, మీ సింగపూర్ వాళ్ళు కట్ క్యూ అంటారు చూడండి, అది. లేకపోతే పిల్లలు “ఇన్సర్ట్ ది లైన్” అని రాస్తారు.

సెంగ్‌కాంగ్_శారద
ఇన్సర్ట్ ది లైన్ ఇప్పటికే వచ్చింది. నేను చొక్కా ఇన్‌షర్ట్ చేసుకోవడం అనుకుని కాసేపు బుర్ర గోక్కున్నా.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, నేను మా తొమ్మిదో తరగతికి చెప్పేది ఒకటి చెప్త. మనిషిని డిస్టర్బ్ చేయొచ్చు, ఇంటరప్ట్ చేయొచ్చు, అప్‌సెట్ చేయొచ్చు. డిస్రప్ట్ మాత్రం మనిషి మీద నడవది. క్లాసును, మీటింగును, బస్సులను డిస్రప్ట్ చేస్తరు. మీ రెండో వాక్యంల తమ్ముడు నిద్రపోయేటోణ్ణి డిస్రప్ట్ చేసిండు కదా, ఆడ ఈ ఒక్క ముక్క చెప్తె సరిపాయె. ఇగ అప్‌సెట్ కాడ జాగ్రత్త. ప్లాన్ అప్‌సెట్ అయితె ప్లాన్ చెడ్డట్టు, మనిషి అప్‌సెట్ అయితె మనసు కష్టపెట్టుకున్నట్టు, కడుపు అప్‌సెట్ అయితె బడికి డుమ్మా కొట్టినట్టు.

గోంగూర_గురూ
డుమ్మా కొట్టడం. కొట్టు లిస్టు పెరుగుతోంది.

మంగళగిరి_మందులాయన
మా ఆస్పత్రి భాషలో ఈ మూడూ కలవవు, పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే ప్రొఫెసరు ఊరుకోడు. నిద్ర సరిగ్గా పట్టకపోతే, రక్తంలో సోడియం, పొటాషియం పాళ్ళు తప్పితే డిస్టర్బెన్స్. హార్మోన్ల వ్యవస్థని తికమక పెట్టే రసాయనాలు ఎండోక్రైన్ డిస్రప్టర్లు. ఇక కుట్లు వేసేటప్పుడు ఒక్కో కుట్టుకి ఒక్కో ముడి వేసి దారం కత్తిరించేస్తే అది ఇంటరప్టెడ్ సూచర్. ఒకే దారంతో చివరిదాకా కుట్టుకుపోతే కంటిన్యువస్. ఇంటరప్టెడ్ అన్నంత మాత్రాన పని చెడిపోయినట్టు కాదు, పైగా ఒక ముడి ఊడినా మిగతావి పట్టుకుని ఉంటాయి.

సెంగ్‌కాంగ్_శారద
డిస్రప్ట్‌కి ఇక్కడి పిల్లలకి రైలు మాటే దగ్గర. 2024 సెప్టెంబరు 25న ఈస్ట్-వెస్ట్ లైన్‌లో రైలు పాడై పట్టాలు దెబ్బతిన్నాయి. జురాంగ్ ఈస్ట్, బువోనా విస్టా స్టేషన్ల మధ్య నెలాఖరుదాకా రైళ్ళు నడవలేదు. బస్సులు వేశారు, పరీక్షలున్న పిల్లలు హైరానా పడ్డారు. పేపర్లన్నిట్లో ట్రెయిన్ డిస్రప్షన్ అనే. డిస్టర్బెన్స్ అని ఎవరూ రాయలేదు. ఇది చెప్పగానే ఒక పిల్ల అడిగింది, రైలు ఆగింది కదా, మరి ఇంటరప్ట్ ఎందుకు కాదు అని. నాకు వెంటనే తోచలేదు.

నెట్‌వర్క్_నాయుడు
ఆ పిల్ల అడిగింది న్యాయమే. సర్వీస్ వాజ్ ఇంటరప్టెడ్ అన్నా తప్పు లేదు. కానీ అప్పుడు ఆ ముక్కలో రైలు ఆగిందన్నంత వరకే చెప్పినట్టు. డిస్రప్షన్ అంటే దాని వెనక నడిచినదంతా కలిసొస్తుంది. పక్క లైన్లలో జనం కిక్కిరిసిపోవడం, బస్సుల కోసం బారులు, ఆఫీసులకి ఆలస్యం, అంతా. సర్వర్ రూములో యూపీఎస్ పేరులోనే చూడండి, అన్‌ఇంటరప్టిబుల్ అని ఉంటుంది. అది కాపాడేది కరెంటు ధార తెగకుండా. ఆ ధార తెగితే బ్యాంకు పనులు డిస్రప్ట్ అవుతాయి. ఒకటి తెగడం, రెండోది దాని పర్యవసానం.

ఇంకోటి కూడా చెప్పాలి. సుబ్బు గారు చెప్పిన కాన్-రావ్. దానికి ఇంగ్లీషులో ఇంటర్‌ఫియర్, వెనక విత్ ఉండాల్సిందే. చైనీస్‌లో కర్మ నేరుగా వచ్చేస్తుంది కాబట్టి “డోంట్ ఇంటర్‌ఫియర్ మీ” అంటారు. మా ఆఫీసులో షెన్‌జెన్ టీమ్ పంపే మెయిళ్ళలో ఇది చూసీ చూసీ నాకూ విత్ లేకపోయినా బాగానే అనిపించడం మొదలైంది.

బే_ఏరియా_బాబాయ్
మీరంతా డిస్రప్ట్‌ని తిడుతున్నారు గానీ ఇక్కడ సిలికాన్ వ్యాలీలో అది దీవెన. ఏ కుర్రాణ్ణి అడిగినా ఏదో ఒకటి డిస్రప్ట్ చేసేస్తానంటాడు, కిరాణా దగ్గర్నుంచి శ్మశానం దాకా. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన క్లేటన్ క్రిస్టెన్సెన్ 1990ల్లో ఒక మాట వదిలాడు. మొదట్లో చవగ్గా, నాసిగా కనిపించే టెక్నాలజీ కింద నుంచి వచ్చి పెద్ద కంపెనీల కాళ్ళ కింద నేల లాగేస్తుందని. ఆయన చెప్పింది అంత నిర్దిష్టంగా, వీళ్ళు వాడేది ఏ కొత్త యాప్‌కైనా. దీన్ని చైనీస్‌లో ఏమంటారు సుబ్బూ?

షాంఘై_సుబ్బు
రెండు రకాలుగా అంటారు బాబాయ్. ఫో-హ్వాయ్ అని కొందరు, అంటే ధ్వంసం. త్యెన్-ఫూ అని ఎక్కువమంది, అంటే తలకిందులు చేయడం. తమాషా ఏంటంటే అదే త్యెన్-ఫూ వాళ్ళ క్రిమినల్ లా 105వ ఆర్టికల్‌లో ప్రభుత్వాన్ని కూలదోయడం అనే నేరానికి కూడా. స్టార్టప్ స్టేజీ మీద చప్పట్లు, కోర్టులో జైలు.

సెంగ్‌కాంగ్_శారద
ఇది మా పిల్లలకి చెప్పను బాబోయ్. డిస్రప్ట్ మంచిదా చెడ్డదా అని మొదలుపెడితే మళ్ళీ మొదటికొస్తుంది. పెద్ద క్లాసుకి దాచుకుంటాను.

లాయరమ్మ_గుంటూరు
చట్టం సంగతి ఎత్తారు కాబట్టి. అదే చైనా చట్టంలో 290వ ఆర్టికల్, గుంపు కట్టి సామాజిక క్రమానికి రావ్-ల్వాన్ చేయడం. ఇంగ్లీషు తర్జుమాల్లో అక్కడ డిస్టర్బ్ అనే ఉంటుంది. మన పాత ఐపీసీలో 296 (2024 జూలై నుంచి న్యాయ సంహితలో 300) కూడా డిస్టర్బింగ్ రెలిజియస్ అసెంబ్లీ, పూజ జరుగుతుంటే అల్లరి చేయడం. ఎందుకంటే చట్టం దృష్టిలో ప్రజాశాంతి అనేది పాతపుస్తకం మాస్టారు చెప్పిన నిశ్చలం లాంటిది. అల్లర్ల నేరాలుండే అధ్యాయానికి ఐపీసీ పెట్టిన పేరులోనే పబ్లిక్ ట్రాంక్విలిటీ ఉంది, కొత్త న్యాయ సంహితలోనూ అదే ఉంచారు. కాబట్టి శారద గారి పిల్లలు “డిస్టర్బ్ ది పబ్లిక్ ఆర్డర్” అని రాస్తే కొట్టేయకండి.

డాక్టరు గారితో మాత్రం ఒక పేచీ ఉంది. చెదరగొట్టుని ఆ వరసలో కలిపేశారు. పోలీసులు గుంపుని చెదరగొట్టారంటే శాంతిని నిలబెట్టడానికి, చెడగొట్టడానికి కాదు. దానికి ఇంగ్లీషు డిస్పర్స్. కోర్టు కాగితంలో అక్కడ డిస్రప్ట్ రాస్తే కేసు పోలీసుల మీదే తిరుగుతుంది.

మంగళగిరి_మందులాయన
నేను మాట కట్టే తీరు గురించి చెప్పానమ్మా, పోలీసుల గురించి కాదు. అయినా లాఠీ దెబ్బలు తిన్నవాణ్ణి అడగండి, చెదరగొట్టులో కొట్టు ఉందో లేదో.

గోంగూర_గురూ
నాదో ధర్మసందేహం. మేనక విశ్వామిత్రుణ్ణి చేసింది ఏంటి? డిస్టర్బా, డిస్రప్టా, ఇంటరప్టా? నవ్వకండి, సీరియస్‌గా అడుగుతున్నా.

పాతపుస్తకం
నవ్వడం లేదు, చక్కటి ప్రశ్న. ఆ మహర్షి ఒక్కడి కథలోనే మూడూ ఉన్నాయి. మేనకతో పదేళ్ళు గడిపాక తెలివి తెచ్చుకుని లేచి ఉత్తరానికి వెళ్ళి మళ్ళీ తపస్సుకి కూర్చున్నాడు. తెగి, మళ్ళీ అతుక్కుంది. కాబట్టి ఇంటరప్ట్. రంభ వచ్చినప్పుడు లేవలేదు, కానీ మనసు కలత చెంది కోపం వచ్చి ఆమెని రాయివి కమ్మని శపించాడు. కలకబారింది, కాబట్టి డిస్టర్బ్. ఇక మారీచ సుబాహులు యాగవేదిక మీద రక్తమాంసాలు కుమ్మరించినప్పుడు మొత్తం క్రతువే పాడైంది. అందుకే రాముణ్ణి పంపమని దశరథుడి గుమ్మం తొక్కాడు. అది డిస్రప్ట్.

ఓరుగల్లు_పిల్ల
మాస్టారూ, ఇది మాత్రం రేపు మా క్లాసుల చెప్త. పోరగాళ్లు జన్మల మర్చిపోరు.

సెంగ్‌కాంగ్_శారద
నా పిల్లలకి విశ్వామిత్రుడు తెలియడుగా మాస్టారూ.

మంగళగిరి_మందులాయన
వాళ్ళకి పాత కథల్లో సున్ వూఖోంగ్ ఉన్నాడు. స్వర్గంలో గుర్రాల కాపరి ఉద్యోగమిచ్చారని అలిగిన వానర రాజు. తర్వాత పీచ్ తోటకి కాపలా పెట్టారు. అక్కడి పళ్ళన్నీ తినేశాడు, రాజమాత ఇచ్చే విందుకి తనని పిలవలేదని తెలిసి ముందే వెళ్ళి మద్యం తాగేశాడు, ఆ మత్తులో లావోత్స్ దాచుకున్న అమృత గుళికలు కూడా మింగేశాడు. ఈ ఘట్టాన్ని వాళ్ళు తా-నావ్-థ్యెన్-కోంగ్ అంటారు. ఆ తా వేరే, పెద్ద అని అర్థం, కొట్టడం కాదు. నావ్ అంటే గోల. ఇంగ్లీషులో దీనికి పెట్టుకున్న పేరు హావొక్ ఇన్ హెవెన్. దాన్ని పట్టుకుని రీక్ హావొక్, అంటే బీభత్సం చేయడం, కూడా నేర్పేయొచ్చు.

సెంగ్‌కాంగ్_శారద
ఇది బంగారం డాక్టరు గారూ. రేపే వాడతాను. మూడో వాక్యం మాత్రం ఇంకా తేలలేదు. “డిస్టర్బ్‌డ్ ది ఆర్డర్ ఆఫ్ మై బుక్స్.”

పాతపుస్తకం
వ్యాకరణం ఒప్పుకుంటుంది, నోరు ఒప్పుకోదు. పుస్తకాలు కలగాపులగమైతే “హీ మిక్స్‌డ్ అప్ మై బుక్స్” లేదా “జంబుల్డ్.” గది అంతా కుక్క చింపిన విస్తరి అయితే “మెస్డ్ అప్.” కావాలని కలిపితే, పేకముక్కల్లా, “షఫుల్డ్.” గుడ్డుకైనా, రేడియో సిగ్నల్‌కైనా, పజిల్‌లో అక్షరాలకైనా “స్క్రాంబుల్డ్.” జుట్టు చెరిపితే “రఫుల్డ్.” ఇవన్నీ వస్తువుల అమరికకి చెందినవి. అమరికకి రప్ట్ ఇంటి మాటలు అక్కర్లేదు, అందుకే గాలి గదిని ఇంటరప్ట్ చేయలేదు, మెస్ అప్ చేసింది.

లాయరమ్మ_గుంటూరు
ఒక్క చోట మాత్రం డిస్టర్బే కావాలి మాస్టారూ. పోలీసులు నేరం జరిగిన గదికి కాపలా పెట్టేది సీన్ డిస్టర్బ్ కాకుండా. అక్కడ ఒక పుస్తకం అంగుళం జరిగినా డిస్టర్బ్ అయినట్టే, గజిబిజి కానక్కర్లేదు. ఆ పిల్లాడి తమ్ముడు పుస్తకాలు తాకి కాస్త జరిపాడా, కలిపేశాడా కనుక్కోండి. జరిపితే “డిస్టర్బ్‌డ్ మై బుక్స్” అనొచ్చు. ఆర్డర్ ఆఫ్ తీసేస్తే చాలు.

సెంగ్‌కాంగ్_శారద
ఇదీ అసలు జవాబు! అడిగాను, కింది వరస మొత్తం తీసి కోట కట్టాడట. కాబట్టి మెస్డ్ అప్.

కేయాస్ సంగతి నేనే చెప్పుకున్నాను. వాళ్ళ ల్వాన్ విశేషణంగా కూడా వస్తుంది, వెరీ ల్వాన్ అనొచ్చు. ఇంగ్లీషులో కేయాస్ నామవాచకం, విశేషణం కేయాటిక్. గజిబిజికి వాళ్ళు ల్వాన్-ఛీ-పా-త్సావ్ అంటారట, మధ్యలో ఏడు, ఎనిమిది అంకెలు. ఎందుకు ఏడూ ఎనిమిదే అని అడిగితే ఒక తల్లి నన్ను జాలిగా చూసింది.

గోంగూర_గురూ
మనం చిందరవందర అంటాం. వందర ఎవరని ఎవరైనా అడిగారా?

షాంఘై_సుబ్బు
డిస్ట్రాయ్డ్ అవర్ ప్లాన్ వదిలేశారు. అది ఫో-హ్వాయ్ ప్రభావం. ఆ మాట బిల్డింగులకీ నడుస్తుంది, పెళ్ళిళ్ళకీ నడుస్తుంది. ఇంగ్లీషులో ప్లాన్‌కి రుయిన్, స్పాయిల్, అప్‌సెట్. కావాలని చాటుగా చేస్తే శాబటాజ్. డిస్ట్రాయ్ అంటే ప్లాన్ రాసిన కాగితం కాల్చేసినట్టుంటుంది.

సెంగ్‌కాంగ్_శారద
వానర రాజు పాఠం అయింది. క్లాసంతా నావ్-థ్యెన్-కోంగ్ అయింది, కానీ రాశారు! ఒకమ్మాయి: “ది మంకీ కింగ్ అప్‌సెట్ ది క్వీన్ అండ్ అప్‌సెట్ హర్ ప్లాన్.” రెండు అప్‌సెట్‌లూ ఒక్క వాక్యంలో సరిగ్గా పెట్టింది, ఓరుగల్లు పిల్లకి థాంక్స్. ఇంకొకడు: “హీ డిస్రప్టెడ్ ది పార్టీ.” దాని మీద గొడవ. విందు మొదలవ్వనే లేదు, అతిథులు రాకముందే అంతా తాగేశాడు, మొదలవ్వనిదాన్ని డిస్రప్ట్ ఎలా చేస్తాడని వెనక బెంచీ వాడి వాదన.

పాతపుస్తకం
వెనక బెంచీ గెలిచింది. నడుస్తున్నదాన్నే డిస్రప్ట్ చేస్తాం. మొదలవ్వనిదాన్ని రుయిన్ చేశాడు. విందు ఏర్పాట్లని డిస్రప్ట్ చేశాడంటే ఒప్పుకోవచ్చు, ఏర్పాట్లు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి.

ఓరుగల్లు_పిల్ల
ఎన్కబెంచోళ్లకే ఇసొంటివి తడ్తయ్.

నెట్‌వర్క్_నాయుడు
మరి పళ్ళు తినేయడాన్ని ఏమంటారు? అది ఈ లిస్టులో ఏ క్రియ?

లాయరమ్మ_గుంటూరు
ఏదీ కాదు. తోటకి కాపలాగా పెట్టిన ఉద్యోగి తన అధీనంలో ఉన్న సొత్తు తినేస్తే అది క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్. పైగా స్వర్గం జీతగాడు, పబ్లిక్ సర్వెంట్ కింద లెక్క. పాత ఐపీసీలో 409, ఇప్పటి న్యాయ సంహితలో 316(5), బెయిలు కష్టం.